లీటరుకి పదిహేడు

మా విజయనగరంలో ఎవరైనా కొత్త కారులో పెళ్ళికి వెళ్తే, దిగి చొక్కా సర్దుకునేలోపే ఎవరో ఒకరు వచ్చి అడుగుతారు, "ఎంతిస్తంది?" అని. లీటరు పెట్రోలుకి ఎన్ని కిలోమీటర్లు అని దాని అర్థం. బండి కంపెనీ ఏదో, సీట్లు ఎలా ఉన్నాయో తరవాతి సంగతి. అవతలివాడు చెప్పిన అంకెకి ఒకటో రెండో కలిపి "మాది ఇంతిస్తంది" అని చెప్పుకుంటే గానీ మావాళ్ళకి భోజనం సయించదు. ముప్పై ఏళ్ళకు పైగా నేను కార్ల సర్వీస్ సెంటర్లో పనిచేశాను. అందులో ఎక్కువ భాగం సర్వీస్ అడ్వైజరుగా. కస్టమరు చెప్పే గోడు విని, మెకానిక్కుకి అర్థమయ్యేలా జాబ్ కార్డు మీద రాసి, బండి తయారయ్యాక మళ్ళీ కస్టమరుకి అర్థమయ్యేలా చెప్పడం నా పని. ఆ గోడుల్లో సగం మైలేజీ గోడే.

కిందటి నెల మా సెంటర్లో కొత్తగా చేరిన పిల్లలు నన్ను చూడ్డానికి ఇంటికి వచ్చారు. "సార్, మైలేజీ రావట్లేదని కస్టమర్ గొడవ పడితే ఏం చెప్పాలి?" అని అడిగారు. టైర్లలో గాలి చూడండి, ఎయిర్ ఫిల్టర్ చూడండి అని నాలుగు ముక్కలు చెప్పి, కాఫీ ఇచ్చి పంపేశాను. వాళ్ళ బైకులు సందు తిరగకముందే నా మీద నాకే విసుగొచ్చింది. చెప్పవలసింది అది కాదు. చెప్పవలసింది ఇక్కడ రాస్తున్నాను. పేర్లు మాత్రం ఎవరివీ రాయను. ఇందులో ఉన్నవాళ్ళు ఇంకా ఈ ఊళ్ళలోనే తిరుగుతున్నారు, నేనూ ఇక్కడే కూరగాయలు కొనుక్కోవాలి.

మా కస్టమర్లలో ఒక కాలేజీ కరస్పాండెంట్ గారు ఉండేవారు. మొదట లెక్కల లెక్చరరు, తరవాత సొంతంగా కాలేజీ పెట్టి పైకొచ్చిన మనిషి. శృంగవరపుకోట దాటి ఘాట్ రోడ్డెక్కితే అరకు వైపు ఆయనకి కొంత తోట, ఒక గెస్ట్ హౌసు ఉన్నాయి. వారం వారం అక్కడికి వెళ్ళేవారు. వానాకాలంలో తోట దగ్గర మట్టిలో పాత కారు దిగబడిపోతోందని, ఈసారి ఆల్ వీల్ డ్రైవ్ సెడాన్ తెప్పించారు. మామూలు కారులో ఇంజన్ బలం రెండు చక్రాలకే వెళ్తుంది, ఇందులో నాలుగింటికీ వెళ్తుంది. జారే రోడ్డులో అది నిజంగా మంచి బండి. కానీ వెనక చక్రాలకి బలం చేరాలంటే కింద ఒక పొడవాటి షాఫ్టు, ఇంకో గేర్ల పెట్టె, వాటి బరువు, వాటి రాపిడి అన్నీ ఉంటాయి. ఎండ కాస్తున్న రోజు, నున్నటి తారు రోడ్డు మీద కూడా ఆ షాఫ్టు తిరుగుతూనే ఉంటుంది. అది తిరగడానికీ పెట్రోలే కాలాలి. కంపెనీ కాగితం మీద లీటరుకి పదిహేను అని ఉంది. అది కంపెనీవాడు తన చోట, తనకి వీలుగా చూసుకున్న అంకె. కరస్పాండెంట్ గారి దగ్గర ఆ బండి ఏడు ఇచ్చేది, మహా అయితే ఎనిమిది.

ఆయన డ్రైవర్ది భావనపాడు. సముద్రం మనిషి. చాలా ఏళ్ళు చేపల బోటు మీద ఇంజన్ చూసుకున్నాడు. తుఫానులో బోటు పోయాక, ఊరివాడొకడు కాలేజీ బస్సు నడుపుతుంటే అతని వెంట వచ్చి తనూ బస్సు డ్రైవరయ్యాడు. కుదుపు లేకుండా నడుపుతాడని కరస్పాండెంట్ గారే ఏరికోరి సొంత కారు మీదికి తెచ్చుకున్నారు. యాభై దాటిన మనిషి. బండి సర్వీసుకి తెచ్చినప్పుడల్లా ఏసీ గదిలో కూర్చోమన్నా కూర్చోడు, బండి పక్కనే నిలబడి మెకానిక్కు విప్పే ప్రతి నట్టునీ చూసేవాడు. నేను అతన్ని "మావా" అనేవాణ్ణి. ఇద్దరిదీ ఒకటే వయసైనా అతను నన్ను "సారూ" అనే అనేవాడు.

ఒకసారి మా క్యాంటీన్లో టీ తాగుతూ సముద్రం కబుర్లు చెప్పాడు. "బోట్లో ఆయిలంటే అందరి సొమ్మూను సారూ. ఒడ్డుకొచ్చాక ఆయిలు కర్చు తీసీసి, మిగిలిందే వాటాలేసుకుంటాం. వాలు దొరికిందనుకోండి, ఇంజను ఆపీయాల. నీరే మోసుకొస్తాది. ఆయిలు మిగిల్సినోడే డ్రైవరు. మిగిల్సనేనోణ్ణి మా ఊళ్ళో ఇంజన్ దరికి రానివ్వరు." నీరూ గాలీ మనం వెళ్ళే వైపే లాగితే దాన్ని వాళ్ళు వాలు అంటారు, డీజిలుని ఆయిలు అంటారు. నేను ఊఁ కొట్టి బిస్కట్ ముంచుకున్నాను.

గొడవ ఒక గృహప్రవేశంలో మొదలైంది. భోజనాల దగ్గర ఎవరో ఆ మామూలు ప్రశ్నే అడిగారు. కరస్పాండెంట్ గారు అంకెల విషయంలో అబద్ధం ఆడలేరు. "ఏడు, ఎనిమిది" అన్నారు. పక్కన కూర్చున్న ఆయన బావమరిది గారె కొరుకుతూ, "బండి తాగుతన్నాదో, డ్రైవరు అమ్ముకుంటన్నాడో సూసుకో బావా" అన్నాడట. బంతిలో వాళ్ళంతా నవ్వారు. ఆ నవ్వు ఈయనకి గుచ్చుకుంది. బంకుకి వెళ్ళి కాలేజీ ఖాతాలో పెట్రోలు కొట్టించుకొచ్చేది డ్రైవరే కాబట్టి, అనుమానానికి చోటూ ఉంది. అప్పటిదాకా ఆ మనిషి మీద ఈయనకి ఈగ వాలనివ్వనంత నమ్మకం. ఒక్క పూట భోజనంలో అది పోయింది.

మర్నాడే మా సెంటరుకి వచ్చారు. డ్రైవర్ని బయట బండి దగ్గరే ఉండమని నా ఎదురుగా కూర్చున్నారు.

"లోపం బండిలో ఉందా, మనిషిలో ఉందా? ఒక్క ముక్కలో తేల్చి చెప్పండి," అన్నారు.

"రెండింట్లోనూ లేదేమో సార్. ఆల్ వీల్ డ్రైవ్ బండి, తాగుతుంది. పైగా మీరు ఎక్కువ తిరిగేది ఊళ్ళో. మూడు లాంతర్ల జంక్షన్ దగ్గర ఆగి ఆగి వెళ్ళాలి. మీరు ఫంక్షన్లో ఉన్నంతసేపూ బయట ఏసీ వేసి ఉంచమంటారు. కొండెక్కేటప్పుడు 'తొక్కు, తొక్కు' అంటారు. చక్రం కదలకపోయినా పెట్రోలు కాలుతూనే ఉంటుంది కదా."

"కిలోమీటర్లని లీటర్లతో భాగిస్తే వచ్చేదే మైలేజీ. నేను లెక్కలు చెప్పిన మనిషిని. నాకు కబుర్లు వద్దు, టెస్టు చెయ్యండి."

సరే అన్నాను. ట్యాంకు నిండా పెట్రోలు పోయించి, మూతకి సీలు వేసి, తోట దాకా వెళ్ళి రావాలి. తిరిగొచ్చాక అదే బంకులో మళ్ళీ నింపితే ఎంత పట్టిందో అంత ఖర్చయినట్టు. దారి ఆయనే చెప్పారు. నేను ఒక్కటే షరతు పెట్టాను. రోజూ నడిపే మనిషే నడపాలి, నేను పక్కన కూర్చుంటాను అని. నా ఆలోచన తేలికైనది. బండి రోజూలాగే నడిస్తే రోజూలాగే ఏడో ఎనిమిదో ఇస్తుంది. ట్యాంకు సీలు వేసి ఉంది కాబట్టి, తాగేది బండేనని తేలిపోతుంది. మనిషి బయటపడతాడు. బయటికి వెళ్ళి అతనికి ఆ మాటే చెప్పాను, "మావా, నువ్వేమీ కంగారు పడకు. రోజూ ఎలా నడుపుతావో అలాగే నడుపు, చాలు."

"నాకు తెలీదేటి సారూ," అన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. దొంగ అన్న మాట అప్పటికే అతని చెవిన పడింది.

టెస్టు రోజు పొద్దున్న వచ్చేసరికి బండి అద్దంలా ఉంది. డిక్కీలో ఎప్పుడూ ఉండే తోట సామాన్లు, గొడుగులు, పాత పేపర్లు అన్నీ తీసేశాడు. టైర్లకి గాలి కొట్టించాడు. చెప్పులు విప్పి డిక్కీలో పెట్టి, ఉత్త కాళ్ళతో కూర్చున్నాడు. తలకి నూనె రాసి దువ్వుకున్నాడు, ఉతికిన చొక్కా వేసుకున్నాడు.

"ఏటి మావా, పెళ్ళిచూపులకా?" అన్నాను.

"ఈయేల మనమేటో తేలిపోతాది కదా సారూ," అన్నాడు.

ఏసీ వెయ్యలేదు. వెయ్యి అంటే, "బాబు బండిలో నేరు కదా, మనకేటికి?" అని అద్దాలు దించాడు. కరస్పాండెంట్ గారిని అతను బాబు అనేవాడు. నేనూ పట్టుబట్టలేదు. ఇక్కడ నా గురించి ఒక మాట చెప్పాలి. ముప్పై ఏళ్ళు కార్ల మధ్య బతికిన నాకు ఘాట్ రోడ్డు పడదు. నాలుగు మలుపులు తిరిగితే కడుపులోది నోట్లోకి వస్తుంది. మా మెకానిక్కులు ఈ విషయం మీద నన్ను ఏడిపించని రోజు లేదు. గాలి తగులుతుంటే నాకే నయమని ఊరుకున్నాను. శృంగవరపుకోటలో ఇడ్లీ మానేసి మాత్ర వేసుకున్నాను. ఎక్కేటప్పుడు అతను నడిపిన తీరు చూస్తే ముచ్చటేసింది. ఎక్కడా తొక్కడం లేదు, ఎక్కడా ఊరికే బ్రేకు వెయ్యడం లేదు. వెనకనించి జీపులవాళ్ళు హారన్ కొడితే పక్కకి జరిగి దారిచ్చాడు. గెస్ట్ హౌస్ దగ్గర టీ తాగి, తిరుగు ప్రయాణానికి నేను ఇంకో మాత్ర మింగాను. అది నిద్ర మాత్రకి అన్నయ్య. మొదటి మలుపులోనే కళ్ళు మూతలు పడ్డాయి.

నాకు మెలకువ రావడానికి కారణం చప్పుడు కాదు, చప్పుడు లేకపోవడం. గాలి వినిపిస్తోంది, టైర్ల కింద రోడ్డు వినిపిస్తోంది, ఎక్కడో చెట్లలో పిట్ట అరుపు వినిపిస్తోంది. ఇంజన్ మాత్రం లేదు. మీటర్ల దగ్గర హెచ్చరిక లైట్లు వెలుగుతున్నాయి. బండి కిందికి జారిపోతోంది, ఎడమ వైపు లోయ.

"ఇంజనేదీ?" అని అరిచాను.

"ఆపీసినాను సారూ. వాలు కదా," అన్నాడు, తాపీగా.

మీకు తెలుసు, తెలియనివాళ్ళకి చెబుతున్నాను. ఇంజన్ ఆగితే బ్రేకుకి దాని సాయం పోతుంది. రెండు మూడుసార్లు తొక్కేసరికి పెడలు బండరాయిలా బిగుసుకుపోతుంది. స్టీరింగూ మొరాయిస్తుంది. "స్టార్ట్ చెయ్, స్టార్ట్ చెయ్!" అని కేకలు పెట్టాను. స్టార్ట్ చేశాడు. కాస్త వెడల్పున్న చోట ఆపించి, దిగి, రోడ్డు పక్కన వాంతి చేసుకున్నాను. అతను నీళ్ళ సీసా పట్టుకుని వచ్చి నా వీపు రాశాడు.

"మలుపు ముందర మళ్ళీ స్టార్ట్ సేస్తన్నాను సారూ. మలుపు దాటినాక ఆపీస్తన్నాను. పైనించీ అలగే వస్తన్నాం. మీరు లెగిసీదాకా ఏటీ అవనేదు కదా."

"ఎప్పుడూ ఇలాగే దించుతావా?"

"బాబు ఎనక కూకుంటే ఎలాగ ఆపుతాను? ఏసీ ఆగిపోతే ఆరికి సెమట పట్టీదా? ఈయేలే."

"మరి ఈ రోజు ఎందుకు చేశావయ్యా? రోజూలాగే నడపమన్నాను కదా! తక్కువిస్తేనే కదా మావా నువ్వు బయటపడేది!"

అతను నన్ను జాలిగా చూశాడు. మాత్ర ఇంకా దిగలేదేమో అన్నట్టు.

"తక్కువిచ్చిందనే కదా సారూ నన్ను దొంగన్నారు? ఎక్కువిస్తే ఇంకేటంటారు?"

కూర్చోబెట్టి చెప్పాను. ఇన్నాళ్ళూ ఏడిచ్చిన బండి ఈ రోజు ఆయన లేనప్పుడు పదిహేనిస్తే, ఇన్నాళ్ళూ మిగతా పెట్రోలు ఎక్కడికి పోయిందని అడుగుతారు మావా, అని. విన్నాడు. విని నవ్వాడు.

"ఈయేల మిగిల్సడానికి ఈలయ్యింది, మిగిల్సినాను. మునుపు ఈలు అవనేదు. అంతే కదా? ఆ మాత్రం సదువుకున్నోరికి తెలీదేటి సారూ?"

"ఈ టెస్టు చెల్లదు. రేపు మళ్ళీ చేద్దాం. నేను మాట్లాడతాను," అన్నాను. అతని ముఖం చిన్నబోయింది. పరీక్ష బాగా రాసిన పిల్లాడి కాగితం చింపేసినట్టు చూశాడు. కింద దాకా మళ్ళీ ఇంజన్ ఆపలేదు.

విజయనగరం బంకు దగ్గర కరస్పాండెంట్ గారి బావమరిది కాచుకుని ఉన్నాడు. సాక్ష్యం కోసం ఆయన పంపించారట. నేను దిగుతూనే "సార్, ఇది లెక్కలోకి రాదు, మళ్ళీ చెయ్యాలి" అన్నాను. "నింపడానికేటి, నింపుదాం కదా" అని అతను సీలు తీయించి ట్యాంకు నింపించాడు. నేను మా మేనేజరుకి ఫోన్ కలిపేలోపే అతను తన ఫోన్లో భాగహారం చేసేశాడు. పదిహేడు వచ్చింది.

"బావా, పదిహేడు! కంపెనీవోడు పదిహేనంటే ఇది పదిహేడిచ్చింది! పక్కన మనిషుంటే మనోడెంత బాగా నడుపుతన్నాడో సూడు!" అని అక్కడే నిలబడి కరస్పాండెంట్ గారికి ఫోన్లో గట్టిగా చెప్పాడు. ఫోన్ నాకివ్వమని చెయ్యి చాపితే ఆ చేతిలో బిల్లు పెట్టాడు. కొంచెం దూరంలో డ్రైవరు గుడ్డతో బండి అద్దం తుడుస్తున్నాడు. పదిహేడు అన్న మాట విని నా వైపు చూసి, చూశారా అన్నట్టు తలెగరేశాడు. ఆ మొహం నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. అంత సంతోషంగా ఉన్న మనిషిని చూసి అంత భయపడడం నాకు అదే మొదలు.

అతన్ని ఒంటరిగా పంపడం ఇష్టంలేక కాలేజీకి నేనూ వెళ్ళాను. కరస్పాండెంట్ గారి గదిలో బావమరిది అప్పటికే కుర్చీలో ఉన్నాడు.

"సార్, ఆ అంకె తప్పు," అన్నాను. "ఇంజన్ ఆపి దించాడు. దిగేటప్పుడు చాలా మటుకు పెట్రోలు కాలనే లేదు. ఏసీ లేదు, బరువు లేదు, తొందర లేదు. కంపెనీయే పదిహేనంటే, కొండెక్కి దిగిన బండి పదిహేడెలా ఇస్తుందో మీరే ఆలోచించండి."

ఆయన డ్రైవరు వైపు తిరిగారు. "ఇంజన్ ఆపి దించావా? ఘాట్లో? నా బండిని?"

"దించాను బాబూ," అన్నాడు. ఆ గొంతులో ఇంకా కాస్త గర్వం ఉంది.

"మరి ఇన్నాళ్ళూ?"

"మీరున్నప్పుడు ఎలాగ ఆపుతాను బాబూ."

"అంటే నేనుంటే బండి తాగుతుంది, నేను లేకపోతే తాగదు. ఇదేనా మీ ఇద్దరూ కలిసి తెచ్చిన లెక్క?"

వెటకారంగా అన్నారు. కానీ జరిగింది అక్షరాలా అదే. "అవును సార్, అదే నిజం," అన్నాను. ఆయన నన్ను కాసేపు చూసి, చాలా నెమ్మదిగా అడిగారు, "మీకూ ఇందులో వాటా ఉందా?" అని.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఏదో అనబోయాను. అప్పటిదాకా చేతులు కట్టుకుని నిలబడ్డ డ్రైవరు ముందుకొచ్చి, "సారునేటీ అనకండి బాబూ. ఆరికేటి సమ్మందం," అన్నాడు. జేబులోంచి బండి తాళం తీసి బల్ల మీద పెట్టాడు. అప్పటికి గానీ అతనికి అర్థం కాలేదు. తనని బయటపడేస్తుందనుకున్న అంకె తన మీదే పడిందని, మొహం చూస్తే తెలిసిపోయింది. "పోలీసు కేసు పెట్టను, వెళ్ళు" అన్నారు కరస్పాండెంట్ గారు. తాను దయ చూపించానని ఆయన మనస్ఫూర్తిగా అనుకున్నారు. గుమ్మం బయట డ్రైవరు చెప్పుల్లో కాళ్ళు దూర్చుకోలేక చాలాసేపు తడబడ్డాడు. నేను భుజం మీద చెయ్యి వేస్తే తీసేశాడు.

మా మేనేజరు నన్ను పిలిచి "అంకె అడిగితే అంకె ఇవ్వండి, మనకెందుకండీ ఈ పంచాయితీలు" అన్నాడు. రిపోర్టులో పదిహేడు కింద, ఇంజన్ ఆపి దించినందువల్ల ఈ టెస్టు చెల్లదని రాసి సంతకం పెట్టి మరీ పంపాను. చదివినట్టు ఎవరూ అనలేదు. ఊళ్ళో మిగతా కాలేజీలవాళ్ళకి, డాక్టర్లకి కబురు పాకిపోయింది. ఎవరూ ఆ మనిషికి స్టీరింగ్ ఇవ్వలేదు. అతను భావనపాడు వెళ్ళిపోయాడని విన్నాను.

ఏడాది తిరక్కుండా కరస్పాండెంట్ గారు మళ్ళీ వచ్చారు. కొత్త డ్రైవరు. బండి ఏడే ఇస్తోంది. "వీడూ దొంగే," అన్నారు. పెట్రోలు మూతకి తాళం పెట్టించుకుని, దాని చెవి తన జేబులో వేసుకుని వెళ్ళారు. ఆ తరవాత మూడోవాడు వచ్చాడు. తాళం ఉంది, చెవి ఆయన దగ్గరే ఉంది. బండి మళ్ళీ ఏడే. ఇంక నేను ఉండబట్టలేకపోయాను.

"సార్, ముగ్గురు డ్రైవర్లు, ఒకటే అంకె. ముగ్గురూ సరిగ్గా ఒకే కొలతకి దొంగిలిస్తారా?"

ఆయన ఆలోచించారు. నిజంగానే ఆలోచించారు, నుదుటి మీద గీతలు పడ్డాయి. నాకు ఆశ పుట్టింది.

"ఒకడి దగ్గర ఒకడు నేర్చుకుంటారు," అన్నారు.

"ఒక్క వారం మీరే నడిపి చూడండి సార్."

"నాకు డ్రైవింగ్ రాదు."

ఇది మీకెందుకు చెబుతున్నానంటే, పిల్లలూ, రేపు మీ బల్ల దగ్గరికీ ఎవరో వచ్చి ఒక్క ముక్కలో అంకె చెప్పమంటారు. అంకె ఒక్కటే చేతిలో పెట్టి పంపకండి. ఏ రోడ్డు, ఏ ఎండ, వెనక సీట్లో ఎవరు, ఏ తొందరలో ఉన్నారు, అన్నీ చెప్పండి. వాళ్ళు వినరు. అయినా చెప్పండి. నేను చెప్పాను, పని జరగలేదు, అందుకని చెప్పడం మానేయమని మాత్రం మీకు చెప్పలేను.

మూడో డ్రైవరు భావనపాడుకి దగ్గరే, టెక్కలి వైపు వాడు. అతని ద్వారా తెలిసింది, మొదటి మనిషి మళ్ళీ బోటెక్కాడని, కానీ ఇంజన్ దగ్గరికి రానివ్వడం లేదని. కాలేజీ బస్సు నడిపే ఊరివాడి నోటి వెంట కబురు అతని కన్నా ముందే ఊరు చేరిందట. కారు పెట్రోలు అమ్ముకున్నవాడి చేతిలో అందరి ఆయిలు ఎవరు పెడతారు? ఈ వయసులో కుర్రాళ్ళతో పాటు వల లాగుతున్నాడట. రిటైరవగానే నేను చేసిన మొదటి పని టెక్కలి బస్సెక్కడం. అక్కణ్ణించి ఆటోలో, లారీల దుమ్ము తింటూ భావనపాడు చేరాను.

ఇంటి దగ్గర అతని భార్య ఒక్కతే ఉంది. చేపలు ఎండబెడుతోంది. ఫలానా అని చెబితే కూర్చోమని కూడా అనలేదు.

"మీరేనా ఆ మయిలేజీ సారు," అంది. "దొంగతనం సేసినా బాగున్ను సారూ. ఇంట్లో ఏదో ఒకటి మిగిలీది."

"ఒడ్డున ఉన్నాడు, ఎల్లండి" అని చేత్తో చూపించింది.

ఒడ్డున బోటు నీడలో నలుగురైదుగురు కూర్చుని వల బాగుచేస్తున్నారు. అతన్ని పోల్చుకోవడానికి నాకు కాస్త సమయం పట్టింది. బాగా చిక్కిపోయాడు. వేళ్ళు తాడు కోసుకుని, ఉప్పు నీళ్ళకి నాని, తెల్లగా వాచి ఉన్నాయి. నన్ను చూసి లేవబోయి, మళ్ళీ కూర్చున్నాడు. "వొచ్చినారా సారూ" అని మాత్రం అన్నాడు.

నేను ఇసుకలో కూర్చుని బోటు యజమానికి నేను ఎవరో చెప్పాను. తోటివాళ్ళందరూ వినేలా జరిగింది మొత్తం చెప్పాను. ఈ మనిషి చుక్క పెట్రోలు ముట్టలేదు, ఇతని తరవాత వచ్చినవాళ్ళ చేతిలోనూ బండి అంతే ఇస్తోంది, అని చెప్పాను. బోటు యజమాని ముసలివాడు, చుట్ట నోట్లో పెట్టుకుని అంతా విన్నాడు.

"మరి ఆ రోజు ఎంతిచ్చిందన్నారు?" అని అడిగాడు.

నాకు చెప్పాలంటే భయమేసింది. ఆ అంకె ఎక్కడ పలికినా ఇతనికి చెరుపే జరిగింది. "పదిహేడు," అన్నాను. "కొండ దిగేటప్పుడు ఇంజను ఆపేశాడు. మలుపు ముందు వేస్తూ, దాటాక ఆపుతూ దించాడు."

ముసలాయన చుట్ట తీసి పగలబడి నవ్వాడు. మిగతావాళ్ళూ నవ్వారు. "వాలులో ఆపీసినావురా! కారునీ ఆపీసినావూ!" అని ఒకడు అతని వీపు మీద చరిచాడు. ఇంక ఎవరికీ ఏదీ విప్పి చెప్పాల్సిన అవసరం లేకపోయింది. కాలేజీ గదిలో ఎన్ని మాటలు చెప్పినా ఎక్కనిది ఇక్కడ ఒక్క మాటకే అందరికీ తెలిసిపోయింది. నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. అతను మాత్రం నవ్వలేదు. వలలో చిక్కు చూసుకుంటున్నాడు.

"ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నావేట్రా? ఈ మాట సెప్పొచ్చు కదా," అన్నాడు ముసలాయన. "రేపణ్ణించి ఇంజను నువ్వే సూసుకో."

"ఒద్దు మావా."

"ఏటి ఒద్దు?"

"ఇంజను నా సేతిలో ఉంటే, వాలు దొరికితే ఆపీకుండా ఉండనేను. ఆపితే ఆయిలు మిగులుద్ది. మిగిలిందంటే ఏదో ఒక రోజు నువ్వే అడుగుతావు, మరి మిగలని రోజుల్లో ఏటయిపోయిందిరా అని."

"నానెందుకడుగుతాన్రా?"

"బాబు మాత్రం అడిగీవోడేటి? మంచోడే," అన్నాడు, వల మీంచి తల ఎత్తకుండా.

అందరూ నా వైపు చూశారు, చదువుకున్నవాణ్ణి కదా, నేనేదో చెబుతానని. అతని లెక్కలో తప్పు ఎక్కడుందో చూపిద్దామని నోరు తెరిచాను. నాకు దొరకలేదు.